జెనెసిస్ అసలు ఎప్పుడు మారింది? 1975, 1977, 1981, 1986... మీ లెక్క చెప్పండి

కోఠి క్యాసెట్:
బ్రిటిష్ రాక్ బ్యాండ్ జెనెసిస్ పేరెత్తితే ఇక్కడ రెండే మాటలు వినిపిస్తున్నాయి. మొదటి గాయకుడు పీటర్ గేబ్రియల్ వెళ్లాక ఇంకేముంది అని ఒకటి. డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్ మైకు పట్టుకుని బ్యాండ్‌ని పాప్‌లోకి దించేశాడని ఇంకొకటి. రెండూ నాకు మింగుడుపడవు.

ముందు తేదీలే కుదరవు. గేబ్రియల్ వెళ్లింది 1975లో. తర్వాతి ఏడాదే 'ఎ ట్రిక్ ఆఫ్ ద టెయిల్', 'విండ్ అండ్ వదరింగ్' రెండూ వచ్చాయి. పొడవాటి పాటలున్నాయి, పన్నెండు తీగల గిటార్లున్నాయి, మెలికల తాళాలున్నాయి. 'డాన్స్ ఆన్ ఎ వాల్కెనో' ఏడు లెక్క మీద నడుస్తుంది. దాన్ని పాడింది కాలిన్సే, డ్రమ్స్ కొట్టిందీ కాలిన్సే. ఆ మాటకొస్తే 1971లో 'ఫర్ ఆబ్సెంట్ ఫ్రెండ్స్', 1973లో 'మోర్ ఫూల్ మీ' పాడింది కూడా ఆయనే. ఊడిపడ్డ మనిషేం కాదు.

ఇంకో సంగతి. 'సినిమా షో' రెండో సగం వినండి. ఏడు లెక్కలో సాగే ఆ కీబోర్డ్ భాగంలో గేబ్రియల్ గొంతు లేదు, స్టీవ్ హ్యాకెట్ గిటార్ ముందుకు రాదు. లాగింది కీబోర్డ్ వాయించే టోనీ బ్యాంక్స్, బేస్ వాయించే మైక్ రదర్‌ఫర్డ్, కాలిన్స్. 'సప్పర్స్ రెడీ'లోని 'అపోకలిప్స్ ఇన్ 9/8' కూడా ఈ ముగ్గురూ జామ్ చేస్తూ, అంటే అప్పటికప్పుడు కలిసి వాయిస్తూ కట్టుకున్నదే. రదర్‌ఫర్డ్ కింద మూడే మూడు స్వరాలు తిప్పుతుంటే పైన బ్యాంక్స్ ఆర్గన్‌తో ఆకాశం దాకా వెళ్లాడు. 80ల్లో మనం 'అమ్ముడుపోయారు' అని తిడుతున్నది సరిగ్గా ఈ ముగ్గురినే.

మరి మారింది ఎక్కడ? పాట పేరు చెప్పండి, కారణం చెప్పండి. 'పాతదే బంగారం' అని వదిలేయొద్దు.

పన్నెండు తీగలు:
1977. ఇందులో నాకు అనుమానమే లేదు. 'సెకండ్స్ ఔట్' లైవ్ ఆల్బమ్ మిక్సింగ్ జరుగుతుండగా హ్యాకెట్ బయటికొచ్చేశాడు. అక్కడితో జెనెసిస్‌లో రంగులు పోయాయి.

కారణం అడిగారుగా. ఆయన రాసినవాటికి ఆల్బమ్‌లో చోటు దొరకలేదు. 'ప్లీజ్ డోంట్ టచ్' వద్దన్నారు. 'ఇన్‌సైడ్ అండ్ ఔట్' లాంటి పాటని ఆల్బమ్‌లోంచి తప్పించి తర్వాత ఒక చిన్న ఈపీ మీద వేశారు. 'బ్లడ్ ఆన్ ద రూఫ్‌టాప్స్' మొదట్లో ఆ నైలాన్ తీగల గిటార్ ఒక్కసారి వినండి. 1978 తర్వాత జెనెసిస్ రికార్డుల్లో అలాంటి నిమిషం ఒక్కటి చూపించండి, నేను ఈ థ్రెడ్‌లోంచి వెళ్లిపోతా.

రదర్‌ఫర్డ్ గొప్ప బేస్ వాద్యకారుడు, రిథమ్ గిటార్‌లో దిట్ట. లీడ్ గిటార్ మాత్రం అవసరం పడి నేర్చుకున్నాడు. ఆ తేడా 1978 ఆల్బమ్ 'అండ్ దెన్ దేర్ వర్ త్రీ' అంతా తెలిసిపోతుంది. కీబోర్డ్ గోడలా నిలబడుతుంది, దాన్ని చీల్చుకొచ్చే గిటార్ లేదు.

కోఠి క్యాసెట్:
'ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్' సోలో గుర్తుచేయకుండా వదిలారే అనుకుంటున్నా. అందరూ హ్యాకెట్‌కి దండం పెట్టేది ఆ పాటకే. ఆ వరస కట్టింది బ్యాంక్స్. అదే పాటలో ముందు గేబ్రియల్ ఫ్లూట్ మీద వినిపించేదీ ఆ వరసే.

పన్నెండు తీగలు:
తెలుసండీ. కట్టడం వేరు, పలికించడం వేరు. ఫ్లూట్ మీద అది చక్కటి వరస. హ్యాకెట్ చేతిలో ఒక్కో స్వరం సాగి, వణికి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడే తీసుకుంటుంది. త్యాగరాజ కృతి అందరికీ ఒకటే, మరి ఎవరు పాడినా ఒకటేనా?

మెల్లోట్రాన్ మనిషి:
నేను 1978ని క్షమించేస్తాను. 'ఫాలో యూ ఫాలో మీ' బ్రిటన్‌లో 7వ స్థానం దాకా వెళ్లింది. చిన్న పాటే కానీ మనసుపెట్టి చేశారు. 1980లో 'డ్యూక్' నాకు ప్రాణం. 1981 'అబకాబ్' కూడా సరే, కొత్తదనం కోసం కష్టపడ్డారు. 'నో రిప్లై ఎట్ ఆల్'లో ఎర్త్, విండ్ అండ్ ఫైర్ బృందం బాకాలు పెట్టారు. పాత అభిమానులకు కోపం వచ్చింది, ఆ టూర్‌లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కొత్త పాటలు వాయిస్తుంటే జనం గోల చేశారు. అయినా బ్యాండ్ వెనక్కి తగ్గలేదు. ఆ ధైర్యం నాకు నచ్చుతుంది.

నా గీత 1986 దగ్గర. 'ఇన్విజిబుల్ టచ్'. అమెరికాలో ఆ ఒక్క ఆల్బమ్ నుంచి ఐదు సింగిల్స్ టాప్ 5లోకి వెళ్లాయి. వెళ్లనివ్వండి, అది నా బాధ కాదు. నా బాధ 'టునైట్, టునైట్, టునైట్'. మత్తుమందు దొరక్క కొట్టుకుపోతున్న మనిషి గురించిన పాట అది. దాదాపు తొమ్మిది నిమిషాలు. మధ్యలో సింథ్ భాగం నెమ్మదిగా పెరిగి పెరిగి మీద పడుతుంది. సింగిల్ కోసం ఆ మధ్య భాగాన్నే కోసి సగం చేశారు. ఆ పాటనే మిషెలోబ్ బీర్ ప్రకటనకిచ్చారు, టూర్‌కి స్పాన్సర్ కూడా ఆ కంపెనీయే. వ్యసనం మీద రాసిన పాటతో మందు అమ్మడం ఏంటండీ? ఇది వ్యాపారం అని కాదు నా అభ్యంతరం. సొంత పాట ఏం చెబుతోందో వాళ్లే మర్చిపోయారని.

కొత్తగా వింటున్నా:
అందరికీ నమస్కారం. నేను 'ల్యాండ్ ఆఫ్ కన్‌ఫ్యూజన్' వీడియో చూసి ఇటొచ్చాను, ఆ స్పిటింగ్ ఇమేజ్ టీవీ షో బొమ్మలతో తీసింది. పాత ఆల్బమ్‌లు ఇంకా వినలేదు. మీరంతా 80ల పాటలు తక్కువ అంటుంటే కాస్త టెన్షన్‌గా ఉంది, నాకు అవే నచ్చాయి. వెనక్కి వెళ్లాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కోఠి క్యాసెట్:
తమ్ముడూ, నచ్చినది నచ్చినట్టే విను. ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో కింద చెబుతాం, ముందు ఈ పంచాయితీ తేలనీ.

మృదంగం నుంచి డ్రమ్స్‌కి:
ఇప్పటిదాకా మనుషుల గురించే మాట్లాడారు. ఎవరు వెళ్లారు, ఎవరు మిగిలారు అని. నేను లయ వైపు నుంచి చెబుతా.

ముందు 'టర్న్ ఇట్ ఆన్ అగైన్'. 1980, బ్రిటన్‌లో 8వ స్థానం. రేడియోలో మోగిన మామూలు హిట్ అనుకుంటారు. చేత్తో బల్ల మీద కొడుతూ వినండి. నాలుగు నాలుగుగా లెక్కపెడితే రెండో వరసకే చెయ్యి తప్పుతుంది. అది పదమూడు. నేను ఆరు, ఏడుగా విడగొట్టుకుంటాను. ఆరు దాకా నిలకడగా ఉంటుంది, ఏడులో చివరి దెబ్బ ఒకటి ఎక్కువొచ్చి పాటని ముందుకు తోసేస్తుంది. కచేరీల్లో జనం చప్పట్లు కొట్టబోయి తడబడేది అందుకే. మిశ్ర చాపు నేర్చుకున్నవాళ్లకి 'సినిమా షో'లోని ఏడు వెంటనే ఒంటబడుతుంది. ఈ పదమూడు మాత్రం నాకూ చాలా రోజులు చిక్కలేదు. ఇంత మెలికని టాప్ 10 పాటలో దాచిపెట్టిన బ్యాండ్‌ని తేలికైపోయింది అనడానికి నాకు నోరు రాదు.

రెండో సంగతి డ్రమ్స్ శబ్దం. 80ల జెనెసిస్ అంటే ఆ పెద్ద డ్రమ్స్, గుద్దినట్టు వచ్చి టక్కున ఆగిపోయే ఆ మోత. దాన్ని కాలిన్స్ పాప్ ట్రిక్కు అంటారు. అది పుట్టింది ఎక్కడో తెలుసా? 1980లో పీటర్ గేబ్రియల్ మూడో సోలో ఆల్బమ్‌లో, 'ఇంట్రూడర్' అనే పాటలో. లండన్ టౌన్‌హౌస్ స్టూడియో, ఇంజినీర్ హ్యూ ప్యాడ్గమ్. వాయించింది కాలిన్స్. ఈ ఆల్బమ్‌లో తాళాలు, అంటే సింబల్స్ వద్దని షరతు పెట్టింది గేబ్రియల్. గదిలో ఉన్నవాళ్ల మాట వినడానికి పెట్టిన మైకు గుండా డ్రమ్స్ వచ్చేసరికి ఆ శబ్దం దొరికింది. మరుసటి ఏడాది కాలిన్స్ దాన్ని 'ఇన్ ది ఎయిర్ టునైట్'కి వాడుకున్నాడు. ప్యాడ్గమ్ 'అబకాబ్'కి వచ్చాడు. గేబ్రియల్ కళాకారుడు, కాలిన్స్ వ్యాపారి అని గీత గీసేవాళ్లు ఈ ఒక్క గదిని దాటి రాలేరు.

ఇక మారింది ఎక్కడ అంటారా, నా సమాధానం 'డచెస్'. 1980, 'డ్యూక్' ఆల్బమ్. జెనెసిస్ మొదటిసారి డ్రమ్ మెషిన్ వాడిన పాట. రోలాండ్ సీఆర్-78. పాట మొదట్లో చాలాసేపు అదొక్కటే నడుస్తుంది, దాని మీద పియానో మెల్లగా పరుచుకుంటుంది. ఎంత అందంగా ఉంటుందో చెప్పలేను. కానీ పని చేసే పద్ధతి మారింది అక్కడే.

70ల్లో వీళ్లు పొడవాటి పాట ఎలా కట్టేవారు? ఒకరు ఓ ముక్క తెస్తారు, ఇంకొకరు ఇంకో ముక్క, వాటిని అతుకుతారు. 'సప్పర్స్ రెడీ' 23 నిమిషాలు, ఏడు భాగాలు. ప్రతి అతుకు దగ్గరా తాళం మారాలి, వేగం మారాలి, అది డ్రమ్మర్ చేతిలో పని. 1983 నాటికి? సర్రేలో ది ఫార్మ్ అని సొంత స్టూడియో ఉంది. రాసుకున్నదేమీ లేకుండా లోపలికి వెళ్లి, డ్రమ్ మెషిన్ తిప్పి, దాని మీద ముగ్గురూ జామ్ చేస్తారు. అందుకే 1983 ఆల్బమ్‌లో ప్రతి పాటకీ ముగ్గురి పేర్లూ ఉంటాయి. మెషిన్ శ్రుతిపెట్టె లాంటిది, ఒకసారి పెడితే అది అలాగే ఉంటుంది. దాని మీద బ్యాంక్స్ కార్డులు మారతాయి, గొంతు ఎక్కుతుంది దిగుతుంది, నడక మాత్రం మారదు. 'మామా' అలాంటిదే, 'టునైట్' అలాంటిదే. పాట పొడవు తగ్గలేదు. పాటలోపల మలుపులు తగ్గాయి. నేను 70లని మిస్సయ్యేది ఆ మలుపుల దగ్గరే.

మెల్లోట్రాన్ మనిషి:
ఇన్నేళ్లుగా ఈ గొడవ చదువుతున్నాను, ఎవరూ ఇలా చెప్పలేదు. చాలా థ్యాంక్స్. 'మామా' గురించి ఒక్క మాట. ఆ మెషిన్ మోత నిమిషాల తరబడి మారకుండా నడిచి నడిచి, చివర్లో అసలు డ్రమ్స్ పడినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. అంటే మారకపోవడాన్నే వాడుకున్నారు. బ్రిటన్‌లో 4వ స్థానం దాకా వెళ్లింది ఆ పాట. అంత చీకటి పాట చార్టుల్లోకి వెళ్లిందంటే, హిట్ కోసం మెత్తబడ్డారు అనే మాట దానికి అతకదు.

పన్నెండు తీగలు:
'మామా' ఉన్న ఆల్బమ్‌లోనే 'ఇల్లీగల్ ఏలియన్' కూడా ఉంది. పొట్ట చేత పట్టుకుని సరిహద్దు దాటాలనుకునే మనిషిని యాస పెట్టి వెక్కిరించిన పాట. 'సెల్లింగ్ ఇంగ్లండ్ బై ద పౌండ్' చేసినవాళ్లు పదేళ్లకి అది చేశారు. గల్ఫ్‌కో అమెరికాకో కాగితాల కోసం తిప్పలు పడినవాళ్లు లేని ఇల్లు మన దగ్గర ఎన్ని ఉన్నాయి? ఆ పాట వస్తే నేను ఆపేస్తాను. డ్రమ్ మెషిన్ వాదన బాగుంది, ఒప్పుకుంటాను. కానీ మాటల్లోంచి ఏం పోయిందో కూడా ఎవరైనా చెప్పాలిగా.

కోఠి క్యాసెట్:
'ఇల్లీగల్ ఏలియన్'ని వెనకేసుకొచ్చేవాళ్లు ఇక్కడెవరూ లేరు. కానీ మాటలు పోయాయంటే ఒప్పుకోను. అదే ఆల్బమ్‌లో 'హోమ్ బై ద సీ' ఉంది. దొంగతనానికి ఓ ఇంట్లో దూరిన మనిషిని అక్కడి దెయ్యాలు పట్టుకుని కూర్చోబెట్టి తమ కథలు వినిపిస్తాయి. ఇక వాడు బయటికి పోలేడు. గేబ్రియల్ 1971లో 'ద మ్యూజికల్ బాక్స్' పాడినప్పటి దెయ్యం కథల వాసన కాదా ఇది? వెంటనే 'సెకండ్ హోమ్ బై ద సీ'లో మాటల్లేకుండా అదే భయం సాగుతుంది. 1991లో 'డ్రైవింగ్ ద లాస్ట్ స్పైక్' పది నిమిషాల పాట. బ్రిటన్‌లో రైలు మార్గాలు వేసిన కూలీల గురించి. సొరంగాల్లో చచ్చిపోయినవాళ్ల గురించి. రాసింది కాలిన్స్. ఇది పాప్ పాట రాసే మనిషి ఎంచుకునే విషయమేనా?

పన్నెండు తీగలు:
ఆ పాట విషయంలో మీ మాటే రైటు. 'ఐ కాంట్ డాన్స్' పక్కన దాన్ని పెట్టడమే నాకు మింగుడుపడదు. సీడీ వచ్చింది కదా అని 70 నిమిషాలు దాటించారు. రెండు మూడు మెత్తటి ప్రేమ పాటలు తీసేసి ఉంటే 'వి కాంట్ డాన్స్' బలమైన ఆల్బమ్ అయ్యేది.

షికాగో చలి:
నేను 2021 నవంబర్‌లో ఇక్కడ యునైటెడ్ సెంటర్‌లో వాళ్లని చూశాను. కాలిన్స్ కుర్చీలో కూర్చునే పాడాడు. వెన్ను, నరాల సమస్యతో కర్ర పట్టుకుని వచ్చాడు. డ్రమ్స్ మీద కొడుకు నిక్. అతని వయసు చూసి ఏం వాయిస్తాడో అనుకున్నవాళ్లందరికీ మొదటి పాటతోనే సమాధానం దొరికింది.

మీ చర్చకి పనికొచ్చే సంగతి ఒకటుంది. 'ఫేడింగ్ లైట్స్' మొదలుపెట్టారు, 1991 పాట. రెండు చరణాలు అయ్యాయి. మామూలుగా అక్కడ ఆ పాటలోని పొడవాటి వాద్య భాగం రావాలి. దాని బదులు నేరుగా 'సినిమా షో' ఏడు లెక్కలోకి దిగారు, 1973లోకి. అక్కడి నుంచి 'ఆఫ్టర్‌గ్లో', 1976. మధ్యలో ఎక్కడా ఆగలేదు. అతుకు కనపడలేదు. నా పక్కన కూర్చున్న పెద్దాయన గేబ్రియల్ కాలం నుంచి వింటున్నవాడు, 80ల పాటలప్పుడు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఈ మూడూ అయ్యేసరికి నిలబడి ఉన్నాడు. మనం ఏ సంవత్సరం దగ్గర గీత గీయాలో కొట్టుకుంటున్నాం కానీ, వాళ్ల చేతుల్లో ఆ గీత లేదు.

ఇంకోటి, 'ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్' వాద్య భాగం కూడా వాయించారు. గిటార్ డారిల్ స్టూర్మర్. పన్నెండు తీగలు గారికి కోపం రావచ్చు గానీ, చాలా బాగా వాయించాడు.

పన్నెండు తీగలు:
కోపం ఎందుకండీ. స్టూర్మర్ 1978 నుంచి ప్రతి టూర్‌లో ఉన్నాడు, 1998 టూర్ ఒక్కటే లేడు. ఆ సోలో వచ్చినప్పుడల్లా దానికి న్యాయం చేస్తూనే ఉన్నాడు. ఆయన స్టూడియోలో ఎందుకు లేడన్నదే నా ప్రశ్న. ముగ్గురం చాలనుకున్నారు. చాలలేదు.

కొత్తగా వింటున్నా:
ఒక సందేహం. గేబ్రియల్ కూడా 1986లో 'స్లెడ్జ్‌హామర్' చేశారు కదా? అది మాత్రం పాప్ కాదా?

మెల్లోట్రాన్ మనిషి:
పాపే. అమెరికా చార్టుల్లో 'ఇన్విజిబుల్ టచ్'ని మొదటి స్థానం నుంచి దించింది సరిగ్గా ఆ పాటే, 1986 జూలైలో, వారం తేడాతో. కానీ ఆయన 'సో' ఆల్బమ్‌లో ఒక్కో పాట ఒక్కోలా వినిపిస్తుంది. 'ఇన్విజిబుల్ టచ్'లో 'డామినో', 'ద బ్రెజిలియన్' పక్కన పెడితే అంతా ఒకే మెరుపు పూత. తేడా హిట్ కొట్టడంలో లేదు, ఆ పూతలో ఉంది.

మృదంగం నుంచి డ్రమ్స్‌కి:
'డామినో'ని పక్కన పెట్టకండి అన్నా. దాదాపు పదకొండు నిమిషాలు, రెండు భాగాలు. మొదటి సగం హోటల్ గదిలో ఒంటరి మనిషి, రెండో సగం మొత్తం కూలిపోవడం. ఐదు హిట్లున్న ఆల్బమ్‌లో దాన్ని పెట్టి, వెంబ్లీ స్టేడియంలో 1987లో నాలుగు రాత్రుల జనం ముందు వాయించారు. పాప్ పాటల కోసం టికెట్ కొన్నవాళ్లని కూర్చోబెట్టి ప్రోగ్, అంటే ఆ పొడవాటి మెలికల రాక్, వినిపించారు. ఇంత పెద్ద ఎత్తున ఆ పని చేసిన బ్యాండ్లు ఎన్నున్నాయి?

మెల్లోట్రాన్ మనిషి:
నాకు ఇంకా ఆ బీర్ ప్రకటన మీద కోపం తగ్గలేదు. కానీ 'డామినో' మీద నాకు పేచీ లేదు తమ్ముడూ.

షికాగో చలి:
1997 'కాలింగ్ ఆల్ స్టేషన్స్' గురించి ఎవరూ ఎత్తలేదు. కాలిన్స్ వెళ్లిపోయాక రే విల్సన్ పాడినది.

కోఠి క్యాసెట్:
బ్రిటన్‌లో 2వ స్థానం దాకా వెళ్లింది, అమెరికా టూర్ రద్దయింది. విల్సన్ గొంతు మంచిదే. కానీ ముగ్గురి జామ్ మీద బతికిన బ్యాండ్‌లో ఇద్దరే మిగిలారు. కాలిన్స్ లేని లోటు గొంతులో కన్నా డ్రమ్స్‌లో ఎక్కువ తెలుస్తుంది. పాప్ చేసిందే కాలిన్స్ అన్నవాళ్లు ఆయన లేని ఈ ఆల్బమ్ వినాలి. పాప్ తగ్గింది, ఉత్సాహమూ పోయింది.

సరే, కొత్త తమ్ముడి ప్రశ్నకి వద్దాం. నా మాట విని 'డ్యూక్'తో మొదలుపెట్టు. నీకు నచ్చిన 80లకీ, వీళ్లు కొట్టుకుంటున్న 70లకీ మధ్య నిలబడింది అదే. ఒక పద్ధతిలో విను. ఆ ఆల్బమ్‌లో ఆరు ముక్కలు మొదట అరగంట పొడవున ఒకే రచనగా ఉండేవి. రికార్డు మీద విడదీసి అక్కడక్కడా పెట్టారు. 1980 టూర్‌లో మాత్రం వరసగానే వాయించారు. 'బిహైండ్ ద లైన్స్', 'డచెస్', 'గైడ్ వోకల్', 'టర్న్ ఇట్ ఆన్ అగైన్', 'డ్యూక్స్ ట్రావెల్స్', 'డ్యూక్స్ ఎండ్'. ఇదే వరసలో ప్లేలిస్ట్ పెట్టుకో. 'ట్రావెల్స్' చివర్లో 'గైడ్ వోకల్' మళ్లీ ఎలా తిరిగొస్తుందో చూడు.

కొత్తగా వింటున్నా:
ఇప్పుడే ప్లేలిస్ట్ పెట్టుకున్నా అన్నా. డ్రమ్ మెషిన్ దగ్గర ఆగి ఆగి వింటున్నా. పదమూడు మాత్రం ఇంకా చిక్కలేదు.

మృదంగం నుంచి డ్రమ్స్‌కి:
డ్రమ్స్ వెంట పడకు, గిటార్ రిఫ్‌ని, అంటే తిరిగి తిరిగి వచ్చే ఆ ముక్కని, పట్టుకో. రిఫ్ మళ్లీ మొదలైన చోట ఒకటి అనుకో. అక్కడి నుంచి ఆరు, ఏడు. ముందు నోటితో అను, తర్వాత చెయ్యి.

పన్నెండు తీగలు:
'డ్యూక్' అయ్యాక 'విండ్ అండ్ వదరింగ్' విను తమ్ముడూ. మొదట 'బ్లడ్ ఆన్ ద రూఫ్‌టాప్స్', తర్వాత 'ఆఫ్టర్‌గ్లో'. విన్నాక ఇక్కడికే వచ్చి రాయి. 1977 దగ్గర ఏం పోయిందో నీ అంతట నువ్వే చెబుతావు.

కోఠి క్యాసెట్:
చెప్పడు. పందెం.